పాత అంబాసిడర్ సైలెన్సర్ ఇంట్లోనే మారుస్తున్నారా..? సౌండ్ కంటే ముందు చూడాల్సినవి ఇవే!

షెడ్డులో కవర్ కప్పుకుని ఉన్న తాతగారి అంబాసిడర్.. నాన్న పెళ్లప్పుడు కొన్న ప్రీమియర్ పద్మిని.. ఇలాంటి కార్లను మళ్లీ రోడ్డెక్కించాలన్న సరదా చాలామందికి ఉంటుంది. పెయింట్ వేయించడం, సీట్లు కుట్టించడం అయిపోయాక తర్వాత చేయి పడేది సైలెన్సర్ మీదే. "కాస్త లావు పైపు వేసి స్టెయిన్‌లెస్ స్టీల్ సైలెన్సర్ పెట్టించు, సౌండ్ అదిరిపోద్ది, పికప్పూ పెరుగుద్ది" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వీడియోల్లో చూస్తే అరగంట పనిలా ఉంటుంది.

నిజానికి ఇది ఇంట్లో చేసుకోగలిగిన పనే. కాకపోతే ఎందుకు మారుస్తున్నాం, ఏది మారుస్తున్నాం, ఎక్కడ ఆగి మెకానిక్‌ని పిలవాలి.. ఈ మూడూ తెలిసి ఉండాలి. ఎందుకంటే కారు కింద ఉన్న ఆ పైపు అసలు పని సౌండ్ తగ్గించడం ఒక్కటే కాదు. విషవాయువుని మనం కూర్చున్న చోటి నుంచి దూరంగా, డిక్కీ దాటించి బయట వదలడం దాని మొదటి పని.

శ్రీశైలం ఘాట్‌లో ఏం జరిగిందంటే..

మా మావయ్యది తెనాలి. ఆయన దగ్గర 1980ల నాటి మార్క్-4 అంబాసిడర్ ఉంది. పెట్రోల్ బండి. మూడేళ్ల కిందట డిసెంబర్‌లో అందరం కలిసి అందులోనే శ్రీశైలం బయల్దేరాం. దోర్నాల దాటి ఘాట్ ఎక్కేసరికి చలి. అద్దాలన్నీ పైకెత్తేశాం. కాసేపటికి వెనక సీట్లో ఉన్న పిల్లలిద్దరూ తలనొప్పి అన్నారు. ఒకడు వాంతి చేసుకున్నాడు. ఇంకొకడు పిలిచినా పలక్కుండా మత్తుగా పడుకున్నాడు. ఘాట్ రోడ్డు మలుపులు కదా, పడలేదేమో అనుకున్నాం. అత్తయ్య నిమ్మకాయ వాసన చూపించింది. కారు ఆపి కిందకి దించి పది నిమిషాలు గాలి తగలనిచ్చేసరికి ఇద్దరూ తేరుకున్నారు. మళ్లీ ఎక్కి అద్దాలు వేయగానే మళ్లీ అదే వరస. ఇక మిగిలిన దారంతా అద్దాలు దించుకుని, చలికి వణుకుతూనే వెళ్లాం.

తిరిగొచ్చాక మెకానిక్ బండి లేపి చూశాడు. సైలెన్సర్ పై భాగంలో, కింద నుంచి చూస్తే కనపడని చోట, రూపాయి బిళ్లంత రంధ్రం. దానికి పైనే కారు ఫ్లోర్‌లో ఉండాల్సిన రబ్బరు బిరడా ఊడిపోయి ఉంది. పైన కార్పెట్ ఉండటంతో ఇన్నాళ్లూ ఎవరికీ తెలీలేదు. సౌండ్‌లో కూడా పెద్ద తేడా లేదు. కాస్త గరగర అంటే, పాత బండి కదా అని వదిలేశారు.

పిల్లలకి పడనిది ఘాట్ రోడ్డు కాదు, కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు, వాసన రెండూ ఉండవు. మనకి వచ్చే పొగ వాసన పెట్రోల్ సరిగా మండక మిగిలిన వేరే పదార్థాలది. కాబట్టి వాసన లేదంటే విషవాయువు లేదని కాదు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లాక ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో శరీరానికి అందాల్సిన ఆక్సిజన్ అందదు. తలనొప్పి, వికారం, మత్తు.. ఆ తర్వాత స్పృహ పోతుంది.

ఇప్పటి కార్లలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది, అది ఈ వాయువుని చాలావరకు మార్చేస్తుంది. పాత అంబాసిడర్‌కి, పద్మినికి ఆ సదుపాయం లేదు. మన దేశంలో కొత్త పెట్రోల్ కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేయడం 1995లో, అదీ నాలుగు మహానగరాలతోనే మొదలైంది. 2000 మార్చికి ముందు తయారైన పెట్రోల్ కార్లకి పొల్యూషన్ టెస్టులో ఐడిలింగ్‌లో 3 శాతం దాకా కార్బన్ మోనాక్సైడ్‌ని అనుమతిస్తారు. 3 శాతం అంటే 30,000 పీపీఎం. అమెరికాకి చెందిన వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ నియోష్ ప్రాణానికి తక్షణ ప్రమాదం అని గీత గీసింది 1,200 పీపీఎం దగ్గర. అంటే, పరీక్షలో పాసైన పాత కారు సైలెన్సర్‌లోంచి వచ్చే గ్యాస్ కూడా ఆ గీతకి 25 రెట్లు ఎక్కువ. పైపు బాగుండి వెనక నుంచి పోయినంతసేపూ ఇబ్బంది లేదు. మధ్యలో రంధ్రం పడితేనే చిక్కు.

ఎక్కువ తిప్పని కారుకే ఎక్కువ తుప్పు

చాలామంది పాత కారుని ప్రతి ఆదివారం ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తారు. బ్యాటరీకి మంచిదని. సైలెన్సర్‌కి మాత్రం అంతకంటే చెడు అలవాటు ఇంకోటి లేదు.

ఒక లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి, ఆవిరి రూపంలో. బండి అరగంట, గంట పరుగు తీస్తే పైపు మొత్తం కాగి ఆ ఆవిరి బయటకి పోతుంది. ఐదు నిమిషాలకే ఆపేస్తే ఆవిరి చల్లబడి సైలెన్సర్ డబ్బాలోనే నీరై నిలుస్తుంది. దానికి గ్యాస్‌లోని ఆమ్ల గుణం తోడవుతుంది. మామూలు ఇనుప సైలెన్సర్ లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. బయట నల్ల పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో అయితే ఉప్పు గాలి వల్ల బయట నుంచి కూడా దాడి ఉంటుంది.

అందుకే పాత కారుకి సైలెన్సర్ 'అప్‌గ్రేడ్' అంటే నా దృష్టిలో ఒక్కటే.. తుప్పు పట్టని మెటీరియల్‌తో, లీక్ లేకుండా, పాత కొలతల్లోనే కొత్తది వేయడం. మిగిలినవన్నీ దాని తర్వాతే.

లావు పైపు వేస్తే పికప్ పెరుగుతుందా?

ఈ మాట ఎక్కువమంది నమ్ముతారు. అందుకే కాస్త వివరంగా చూద్దాం.

ఇంజన్‌లోంచి గ్యాస్ కుళాయి నీళ్లలా ఏకధారగా రాదు. ఒక్కో సిలిండర్ నుంచి ఒక్కో దఫాగా తోసుకుని వస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంటే, సెకనుకి 100 దఫాలు అన్నమాట. ప్రతి దఫా వేగంగా ముందుకి పోతూ వెనక కాస్త ఖాళీని వదులుతుంది. ఆ ఖాళీ తర్వాతి దఫాని లాగుతుంది. పైపు మరీ లావైతే గ్యాస్ వేగం తగ్గిపోతుంది, ఆ లాగుడు పోతుంది. ఫలితం.. తక్కువ స్పీడులో, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఫుల్ లోడ్‌తో వెళ్లేటప్పుడు బండి నీరసపడుతుంది. మెకానిక్‌లు దీన్నే "బ్యాక్ ప్రెషర్ పోయింది" అంటారు. మాట సరిగ్గా అది కాదు, ఇంజన్‌కి వెనక నుంచి ఒత్తిడి ఎప్పుడూ మంచిది కాదు. కావాల్సింది వేగం. కానీ వాళ్లు చెప్పే లక్షణం మాత్రం నిజమే.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర. అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు వచ్చిన 1489 సీసీ ఇంజన్ బ్రిటన్‌కి చెందిన బీఎంసీ 'బి-సిరీస్' కుటుంబానిది. అదే కుటుంబపు 1489 సీసీ ఇంజన్‌ని 1955లో వచ్చిన ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులోనూ పెట్టారు. అంబాసిడర్‌లో 50 హార్స్‌పవర్ దగ్గర ఉన్నది, అక్కడ 70 దగ్గరికి వెళ్లింది. ఎలా? రెండు కార్బురేటర్లు, ఎక్కువ కంప్రెషన్, ఇంజన్ లోపల మరికొన్ని మార్పులు. ఒక్క పైపు మారిస్తే రాలేదు. మనం పైపు మాత్రమే లావుది వేసి ఆ తేడా ఆశిస్తే ఎలా?

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ ఇంజన్ హెడ్‌లో గ్యాస్ బయటకి వచ్చే దారులు నాలుగు కాదు, మూడే. ఒకటో సిలిండర్‌కి ఒకటి, నాలుగో దానికి ఒకటి, మధ్యలో రెండు, మూడు సిలిండర్లకి కలిపి ఒకటి. ఎవరైనా "అంబాసిడర్ హెడర్" అని నాలుగు పైపులది చూపిస్తే అది ఈ ఇంజన్‌ది కాదని అర్థం. తర్వాతి కాలంలో వచ్చిన 1.8 ఇసుజు ఇంజన్ అంబాసిడర్ సంగతి వేరు, దీన్ని దానికి అన్వయించకండి. అందులో క్యాటలిటిక్ కన్వర్టర్ గనక ఉంటే, దాన్ని తీసేసి పైపు వేయించే ఆలోచన అసలు పెట్టుకోవద్దు.

పాత పైపు లావు ఎంతో తెలుసుకోవడానికి వెర్నియర్ లేకపోయినా పర్లేదు. తుప్పు లేని చోట చుట్టూ ఒక దారం చుట్టి, ఆ పొడవుని 3.14తో భాగించండి. దారం 12 సెంటీమీటర్లు వస్తే పైపు దాదాపు 38 మిల్లీమీటర్లు.

స్టెయిన్‌లెస్ అని ఇచ్చిందల్లా స్టెయిన్‌లెస్ కాదు!

పైపుల షాపుకి వెళ్తే వినిపించే పేర్లు మూడు.. 409, 304, 202. ఇందులో 409 కార్ల కంపెనీలు వాడే రకం. పైన కొద్దిగా గోధుమ రంగు తేలుతుంది కానీ చాలాకాలం నిలుస్తుంది. అయస్కాంతం అంటుకుంటుంది. 304 ఇంకా మెరుగు, సముద్రం పక్క ఊళ్లకి నేనైతే ఇదే అంటాను. అయస్కాంతం దాదాపుగా అంటుకోదు.

చిక్కంతా 202తో. చౌక రకం, మెట్ల రెయిలింగులకి ఎక్కువగా వాడతారు. నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ. దీనికి కూడా అయస్కాంతం అంటుకోదు. అంటే "చూడండి సార్, అయస్కాంతం పట్టట్లేదు" అని చూపించి 304 అని అమ్మితే మనకి తెలిసే దారి లేదు. మావయ్య విషయంలో జరిగింది ఇదే. 304 అని తెచ్చుకున్న పైపు ఒక్క వానాకాలానికే ఎర్రబారింది. మొదట వెల్డింగ్ రాడ్డు మీద అనుమానపడ్డాం. స్టెయిన్‌లెస్‌ని మామూలు ఇనుప రాడ్డుతో అతికినా అక్కడ ఇలాగే తుప్పు పడుతుంది. కానీ ఇది పైపు పొడవునా ఉంది. పాత ఇనుము కొనే అతను దాని మీద పరీక్ష మందు ఒక చుక్క వేసి, రంగు మారగానే "ఇది 202 అండీ" అని తేల్చేశాడు. అంతా మళ్లీ కొత్తగా చేయించాల్సి వచ్చింది. బిల్లు మీద గ్రేడ్ రాయించుకోకపోవడం మా పొరపాటు. ఆ చుక్క మందు స్క్రాప్ షాపుల్లో ఉంటుంది, పైపు వంచకముందే ఒక ముక్క మీద పరీక్ష చేయించుకుంటే సరిపోయేది.

పైపు వంచే చోట ఒక జాగ్రత్త. వంపు దగ్గర పైపు చప్పిడిగా నొక్కుకుపోకుండా గుండ్రంగా ఉండాలి. అలా వంచే మిషన్ ఉన్న షాపు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట వెతికితే దొరుకుతుంది. పాత పైపుని ముక్కలు చేసి పారేయకుండా నమూనాగా పట్టుకెళ్లండి, ఎంత తుప్పు పట్టినా సరే. కొలతలు కాగితం మీద రాసుకెళ్తే తేడా వస్తుంది.

ఇంట్లో పని.. జాకీ దగ్గరే మొదటి గండం

అంబాసిడర్ బరువు టన్ను పైమాటే. జాకీ అనేది లేపడానికి మాత్రమే, మోయడానికి కాదు. జాకీ మీద నిలబెట్టి కిందకి దూరడం అంటే ప్రాణంతో ఆట. ఇటుకలు, సిమెంట్ దిమ్మెలు కూడా వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. గట్టి స్టాండ్లు ఒక జత కొనండి లేదా తెలిసిన షెడ్డులో ఒక రోజుకి అడిగి తెచ్చుకోండి. నేల సిమెంట్‌దై, చదునుగా ఉండాలి. మట్టి నేలలో స్టాండ్ కాలు దిగబడుతుంది. చక్రాలకి ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టాలి. ఎత్తాక, దూరే ముందు, కారుని చేత్తో గట్టిగా ఊపి చూడాలి. ఊగితే మళ్లీ మొదటి నుంచి. ఇంట్లో ఇంకో మనిషి ఉండగానే ఈ పని చేయాలి.

వెనక వైపు స్టాండ్లని బాడీ కింద కాకుండా యాక్సిల్ కింద పెడితే మంచిది. కారణం ఏంటంటే, బాడీ కింద పెడితే కమాను కట్టలు సాగి యాక్సిల్ కిందకి వేలాడుతుంది. అప్పుడు పైపుకి, యాక్సిల్‌కి మధ్య బోలెడు ఖాళీ కనిపిస్తుంది. కారు దించగానే ఆ ఖాళీ మాయమై, గతుకు వచ్చినప్పుడల్లా టంగ్ టంగ్ మని తగులుతుంది.

ఇక నట్లు. పాత ఇంజన్ అంబాసిడర్‌కి ఇంచుల కొలత బోల్టులు, పద్మినికి మిల్లీమీటర్ కొలతలు. ఇంట్లో ఉన్న మిల్లీమీటర్ పానాల సెట్టు పట్టుకుని అంబాసిడర్ కిందకి దూరితే అరగంటలో నట్టు అంచులు అరిగిపోతాయి. అర ఇంచు అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 పానా వదులుగా పడుతుంది. 9/16 ఇంచు అంటే 14.3 మిల్లీమీటర్ల దాకా, దానికి 14 పానా అసలు పట్టదు, 15 జారుతుంది. సరైన పానాలు అరువు తెచ్చుకున్నా సరే, అవే వాడాలి.

తుప్పు వదిలించే స్ప్రేని పని రోజు కాదు, రెండు మూడు రోజుల ముందు నుంచే పూటకోసారి కొట్టాలి. సైలెన్సర్ నుంచి వెనక భాగంలో ఉన్న నట్లు రాకపోతే బెంగ లేదు, హాక్సా బ్లేడుతో కోసేయొచ్చు. ఎలాగూ పారేసేవే. మానిఫోల్డ్ దగ్గరి నట్ల విషయంలో మాత్రం బలప్రయోగం వద్దు. అక్కడి స్టడ్లు ఏళ్ల తరబడి కాగి, చల్లబడి పెళుసుగా ఉంటాయి. పుటుక్కున విరిగితే డ్రిల్లు వేసి తీయాలి. అది లేత్ షాపు వాళ్ల పని, మనది కాదు. పానా మీద కొద్దిగా ముందుకి, కొద్దిగా వెనక్కి ఆడిస్తూ చూడండి. స్టడ్ మెలితిరుగుతున్నట్టు చేతికి తెలిస్తే అక్కడితో ఆపేయండి. మానిఫోల్డ్ నుంచి కిందకి దిగే మొదటి పైపు బాగుంటే దాన్ని కదపకుండా, అక్కడి నుంచి వెనకది మాత్రమే మార్చుకున్నా తప్పేం లేదు.

మంట పెట్టి నట్టు వేడి చేయడం షెడ్డుల్లో మామూలే. ఇంట్లో మాత్రం వద్దు. ఈ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, కార్బురేటర్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. వెనక్కి వెళ్తే పెట్రోల్ ట్యాంక్. గ్రైండర్ నిప్పురవ్వలు కూడా అంతే ప్రమాదం. వెల్డింగ్ ఏదైనా ఉంటే పైపు విప్పి షాపుకి తీసుకెళ్లి చేయించాలి. కారుకి ఉండగానే చేయాల్సి వస్తే ముందు బ్యాటరీ వైర్లు తీసేయాలి, ఆ పని తెలిసినవాళ్లే చేయాలి.

మరొకటి, ఎవరూ చెప్పనిది. ఆ కాలపు గ్యాస్కెట్లలో, వేడి తగలకుండా పెట్టిన పట్టీల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పాత గ్యాస్కెట్‌ని పొడిగా గీకి దుమ్ము లేపకండి. నీళ్లతో తడిపి, మంచి మాస్క్ పెట్టుకుని తీసి, కవర్‌లో కట్టేయండి.

బిగించడం ఎలా?

ముందు నుంచి వెనక్కి అన్నీ వదులుగా తగిలించాలి. ఏదీ గట్టిగా బిగించొద్దు. మొత్తం అమరాక, ఎక్కడా తగలట్లేదని చూసుకున్నాక, మళ్లీ ముందు నుంచి బిగించుకుంటూ రావాలి. మొదటి జాయింట్ బిగించేసి మొదలుపెడితే చివరికి వచ్చేసరికి పైపు బంపర్‌కి ఆనుతుంది.

ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది. స్టార్ట్ చేసినప్పుడు, గేరు మార్చినప్పుడు అటూ ఇటూ ఊగుతుంది. దానితో పాటు పైపు కూడా ఊగాలి. అందుకే సైలెన్సర్‌ని రబ్బర్లకి వేలాడదీస్తారు. పాత రబ్బర్లు తెగాయని కొందరు బైండింగ్ వైరుతో బిగించి కట్టేస్తారు. అలా కడితే ఊగే భారమంతా మానిఫోల్డ్ దగ్గర పడి అక్కడ పగులు వస్తుంది. సైలెన్సర్‌తో పాటు రబ్బర్లు కొత్తవి వేయాల్సిందే.

వేడికి పైపు సాగుతుందన్న సంగతి కూడా మర్చిపోవద్దు. మూడు మీటర్ల స్టెయిన్‌లెస్ పైపు 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 15 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా సరిపోయింది కదా అనుకుంటే, కాగాక తగులుతుంది. బ్రేకు పైపు, పెట్రోల్ పైపు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, ప్రొపెల్లర్ షాఫ్ట్.. వీటన్నిటికీ వేలు రెండు వరసల ఎడం ఉండేలా చూసుకోండి. పైపు చివర డిక్కీ కిందే ఆగిపోకూడదు, బాడీ అంచు దాటి బయటకి రావాలి. అందంగా లేదని లోపలికి కోయించుకుంటే ఆ గ్యాస్ డిక్కీ సందుల్లోంచి లోపలికే వస్తుంది.

పైపుకి వేడి ఆపే బట్ట చుట్టడం ఒక ఫ్యాషన్. రేసు కార్లకి పనికొస్తుందేమో గానీ, వారానికోసారి తిరిగే ఇనుప పైపుకి అది తడిగుడ్డ చుట్టినట్టే.

లీక్ ఉందో లేదో ఇలా తెలుస్తుంది

ఇంజన్ ఆపి, చల్లగా ఉండగా, కంప్యూటర్ దుమ్ము ఊదే చిన్న ఎలక్ట్రిక్ బ్లోయర్‌ని పైపు చివర పెట్టి చుట్టూ గుడ్డ కప్పండి. బ్లోయర్ ఆన్ చేసి ప్రతి జాయింట్ మీదా సబ్బు నీళ్లు పోయండి. బుడగలు వస్తే అక్కడ లీక్. సైలెన్సర్ డబ్బా అడుగున సూది బెజ్జం లాంటిది ఉంటే కంగారుపడొద్దు, నీరు కారడానికి కొన్నిటికి కావాలనే పెడతారు.

మొదటిసారి స్టార్ట్ చేసేది ఆరుబయటే. షెడ్డులో, పార్కింగ్ సెల్లార్‌లో కాదు. కొత్త పైపుకి అంటిన నూనె కాలి మొదట పది పదిహేను నిమిషాలు పొగ వస్తుంది. రోడ్డు మీద యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా పట్ పట్ మని పేలినట్టు వినిపిస్తే, చాలామంది స్పోర్ట్స్ కారు సౌండ్ అని మురిసిపోతారు. ఎక్కువసార్లు అది ఏదో జాయింట్‌లోంచి గాలి లోపలికి పీలుస్తోందనడానికి గుర్తు. ఈ లీక్ వల్ల పొల్యూషన్ టెస్టులో అంకెలు కూడా తప్పుగా వస్తాయి, బయటి గాలి కలిసి గ్యాస్ పలచబడుతుంది కాబట్టి.

ఇదే ఊపులో కారు లోపలి పని కూడా చేసేయాలి. కార్పెట్లు ఎత్తి ఫ్లోర్‌లో తుప్పు రంధ్రాలు, ఊడిపోయిన బిరడాలు చూడండి. పెడల్స్ దగ్గరి రబ్బర్లు, డిక్కీ మూత చుట్టూ ఉండే బీడింగ్ చూడండి. కారు పరిగెత్తేటప్పుడు వెనక భాగంలో గాలి సుడి తిరిగి గ్యాస్‌ని డిక్కీ వైపే లాగుతుంది. డిక్కీ మూత తెరిచి తాడుతో కట్టి సామాను వేసుకెళ్లినప్పుడు ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మావయ్య ఒకటి తెప్పించి డ్యాష్‌బోర్డ్ మీద వినాయకుడి బొమ్మ పక్కనే అతికించారు. అద్దాలు ఎత్తి అరగంట తిప్పినా సున్నా ఉంటే సరే. అంకె కనిపించి అలాగే నిలబడితే, పెరుగుతూ పోతే.. అద్దాలు దించి, బండి పక్కకి ఆపి, మళ్లీ వెతుక్కోవాల్సిందే.

చట్టం ఏం చెబుతోంది?

సౌండ్ కోసమే మార్చాలనుకునేవాళ్లు ఇది చదవాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ రూల్ ప్రకారం ప్రతి వాహనానికీ శబ్దాన్ని వీలైనంత తగ్గించే సైలెన్సర్ ఉండాలి. పాత కారుకి మినహాయింపు లేదు. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే 10 వేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు లేదా రెండూ పడొచ్చు, లైసెన్స్ మూడు నెలలు పోతుంది. నిబంధనలకి విరుద్ధంగా వాహనాన్ని మార్చితే ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 182ఏ సెక్షన్ చెబుతోంది. బుల్లెట్ సైలెన్సర్లని పోలీసులు రోడ్ రోలర్‌తో తొక్కించే వీడియోలు మనం చూస్తూనే ఉన్నాం కదా.. కారుకైనా లెక్క అదే. పాడైనదాని స్థానంలో అదే తరహాది వేయడం రిపేర్, శబ్దం పెంచేది వేయడం మార్పు.

మీ కారు 50 ఏళ్లకి దగ్గర పడుతుంటే ఇంకో లెక్క ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబర్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేలు, రీ-రిజిస్ట్రేషన్‌కి 5 వేల రూపాయల ఫీజు. అయితే కారు అసలు రూపంలోనే ఉండాలి.. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో చెప్పుకోదగ్గ మార్పులు చేసి ఉండకూడదు. ఆ నంబర్ తీసుకున్నాక రోజూ తిప్పడానికి వీల్లేదు, ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేర్ల కోసం మాత్రమే రోడ్డెక్కాలి. కాబట్టి మానిఫోల్డ్ తీసేసి హెడర్ పెట్టించాలనుకునేవాళ్లు పాత మానిఫోల్డ్‌ని తూకానికి అమ్మేయకండి. నూనె రాసి గోనె సంచిలో చుట్టి అటక మీద పెట్టుకోండి.

అంతా బిగించి 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, చల్లారిన తర్వాత, అన్ని నట్లూ మళ్లీ బిగించాలి. కొత్త గ్యాస్కెట్ కాగి కాస్త అణుగుతుంది, అందుకే మొదట్లో గట్టిగా ఉన్న నట్టు వదులవుతుంది. పొగ గొట్టం చివర నల్లగా మసి, స్పార్క్ ప్లగ్‌లు కూడా నల్లగా ఉంటే కార్బురేటర్ మిశ్రమం సరిచేయించండి. ప్లగ్‌లు తెల్లగా కాలినట్టుంటే ఇంకా త్వరగా చూపించాలి, ఆ వేడికి వాల్వులు దెబ్బతింటాయి. ఇక ఆదివారం ఐదు నిమిషాల స్టార్టింగ్ మానేసి, పదిహేను రోజులకోసారైనా ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పి తీసుకురండి.